పుట్టిల్లు కొండమీద, విడిది రేవులో: గోధుమతల గల్

చలికాలంలో విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం చేపల రేవుల మీద తెల్లగా గుంపులు కట్టి తిరిగే పక్షుల్లో ఎక్కువ భాగం గోధుమతల గల్‌లే. రేవులో పనిచేసేవాళ్లకూ, బీచికి వచ్చేవాళ్లకూ అవన్నీ ఒకటే, సీగల్స్. ప్రపంచం మొత్తం మీద గల్ జాతులు యాభై దాకా ఉంటే, తెలుగు తీరంలో తరచుగా కనిపించేవి నాలుగైదుకు మించవు. వాటిలో సంఖ్యలో పెద్దది గోధుమతల గల్. దీని శాస్త్రీయ నామం క్రాయికోసెఫాలస్ బ్రూన్నిసెఫాలస్. కొత్తగా పక్షులు చూడటం మొదలుపెట్టినవాళ్లను బాగా తికమక పెట్టేదీ ఇదే. పేరులో ఉన్న గోధుమరంగు తల, అది మన దగ్గర ఉండే నెలల్లో చాలావరకు కనిపించదు మరి.

గల్‌ను గుర్తించే ముందు, చూస్తున్నది గల్లేనా అన్నది తేల్చుకోవాలి. అదే తీరంలో, అదే తెలుపు బూడిద రంగుల్లో టెర్న్ పక్షులు కూడా తిరుగుతుంటాయి. రెండూ లారిడే అనే ఒకే కుటుంబానికి చెందినవి. టెర్న్ శరీరం సన్నం, రెక్కలు సన్నం, ముక్కు సూదిమొన. చాలా టెర్న్‌లకు తోక చీలి ఉంటుంది. ఎగురుతూ ముక్కును నీటివైపు వంచి వెతుకుతుంది, చేప కనిపించగానే తలకిందులుగా దూకుతుంది. గల్ ఒళ్లు దిట్టం, రెక్కలు వెడల్పు, తోక చివర గుండ్రం. నీటి మీద బాతులా తేలుతూ కూర్చుంటుంది, ఒడ్డున తీరిగ్గా నడుస్తుంది. నీటి మీద హాయిగా తేలుతూ కూర్చున్న తెల్ల పక్షి టెర్న్ కావడం అరుదు.

గోధుమతల గల్ పొడవు 41 నుంచి 45 సెంటీమీటర్లు. అంటే పొడవులో ఊరకాకికి కాస్త అటూఇటూ. రెక్కలు చాపితే మాత్రం కొస నుంచి కొసకు మీటరు దాటుతుంది. బరువు దాదాపు అర కిలో. వీపు, రెక్కల పైభాగం లేత బూడిద రంగు. పొట్ట, మెడ, తోక తెలుపు. కాళ్లు ఎరుపు, ముక్కు కూడా ఎరుపే కానీ కొస నల్లగా ఉంటుంది. గుడ్లు పెట్టే కాలంలో తల కాఫీపొడి రంగుకు తిరుగుతుంది. ముఖం దగ్గర ఆ రంగు కొంచెం వెలిసినట్టుండి, మెడ దగ్గరికి వచ్చేసరికి ముదురు గీత గీసినట్టు ఆగిపోతుంది. కంటి వెనక అర్ధచంద్రాకారంలో సన్నని తెల్ల అంచు ఉంటుంది.

ఈ తలరంగు ఏడాది పొడవునా ఉండదు. గుడ్లు పెట్టే కాలం ముగిశాక పక్షి పాత ఈకలన్నీ రాల్చి కొత్తవి తెచ్చుకుంటుంది. అప్పుడు తల మీద వచ్చేవి తెల్ల ఈకలు. గోధుమరంగుకు గుర్తుగా చెవి దగ్గర ఒక నల్లటి మచ్చ మిగులుతుంది, పసిపిల్లల బుగ్గన పెట్టిన దిష్టిచుక్కలాగా. అక్టోబరులో మన తీరానికి దిగేది ఈ వేషంలోనే. ఫిబ్రవరి చివరి నుంచి తల మీది ఈకలు మాత్రం మళ్లీ మారడం మొదలవుతుంది. మార్చిలో రేవుకు వెళితే ఒకే గుంపులో తెల్ల తలలు, పొడలు పొడలుగా మచ్చలు పడ్డవి, పూర్తిగా గోధుమరంగుకు తిరిగినవి పక్కపక్కనే కూర్చుని కనిపిస్తాయి. మూడు జాతులు అనుకుని పప్పులో కాలేసేది ఇక్కడే.

చిక్కు అంతటితో తీరదు. దీనికి నల్లతల గల్ అనే దగ్గరి చుట్టం ఉంది. అది కూడా చలికాలంలో మన తీరానికి వస్తుంది, ఇదే గుంపుల్లో కలిసిపోతుంది. దానికీ ఎర్ర కాళ్లే, ఎర్ర ముక్కే, చలికాలంలో తెల్ల తలే, చెవి దగ్గర అదే మచ్చ. ఇంకా విడ్డూరం ఏమిటంటే గుడ్లు పెట్టే కాలంలో నల్లతల గల్ తల నిజానికి నలుపు కాదు, ముదురు చాక్లెట్ రంగు. కాబట్టి ఏ కాలంలోనైనా తలను బట్టి ఈ రెంటినీ వేరు చేయడం నమ్మదగ్గ పద్ధతి కాదు.

అసలు గుర్తు రెక్క కొసలో ఉంది. రెక్క చివరి భాగంలో, ఎగరడానికి ఊతమిచ్చే పొడవాటి ఈకలు పది ఉంటాయి. గోధుమతల గల్ రెక్క చాపినప్పుడు వీటిలో బయటివాటి కొసలు కలిసి నిండు నల్లటి ముక్కోణంలా కనిపిస్తాయి. ఆ నలుపు మధ్యలో, అన్నిటికంటే బయట ఉండే రెండు ఈకల మీద, చెరొక తెల్లటి మచ్చ. పక్షులు చూసేవాళ్లు వీటిని మిర్రర్లు అంటారు. నలుపుకు లోపలివైపు మళ్లీ వెడల్పాటి తెల్లని పట్టా ఉంటుంది. పక్షి తలమీదుగా వెళుతున్నప్పుడు కింద నుంచి చూసినా నలుపూ, అందులోని తెల్ల మచ్చలూ తెలుస్తాయి. నల్లతల గల్ రెక్క దీనికి తిరగేసినట్టుంటుంది. రెక్క ముందరి అంచు పొడవునా తెల్లటి పట్టీ సాగి, నలుపు కొసల వెంబడి సన్నని అంచుగా మాత్రమే ఉంటుంది. ఈ తేడాను ఒకటి రెండుసార్లు గమనించినవాళ్లు బైనాక్యులర్ లేకుండానే, దూరం నుంచే చెప్పేస్తారు.

గల్ జాతుల్లో చాలావాటికి రెక్క కొస నల్లగానే ఉండటానికి కారణం ఉంది. ఈకకు నలుపునిచ్చే మెలనిన్ అనే పదార్థం దాన్ని గట్టిపరుస్తుంది కూడా. రెక్కలో గాలి ఒరిపిడికి, ఇసుక రాపిడికి ఎక్కువగా గురయ్యేది కొసే. తెల్ల ఈకలో మెలనిన్ ఉండదు కాబట్టి త్వరగా అరుగుతుంది. పాత ఈకల్ని దగ్గరగా చూస్తే, కొసన ఉన్న చిన్న తెల్ల చుక్కలు ముందు రాలిపోయి, నల్ల భాగం ఇంకా నిలిచి ఉండటం కనిపిస్తుంది.

కూర్చున్న పక్షికి రెక్క మడిచి ఉంటుంది కాబట్టి ఈ గుర్తు పనికిరాదు. అప్పుడు కన్ను చూడాలి. ఎదిగిన గోధుమతల గల్ కంటిపాప చుట్టూ ఉండే వలయం పాలిపోయిన పసుపు, దాదాపు తెలుపు. అందువల్ల దాని చూపు కొంచెం కోపంగా, గుచ్చినట్టుగా అనిపిస్తుంది. నల్లతల గల్ కన్ను నల్లగా ఉండి ముఖం సాధువుగా కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన ఉంటే ఒడ్డూపొడుగులో తేడా కూడా తెలుస్తుంది. గోధుమతల గల్ మెడ బలంగా, ముక్కు మందంగా ఉంటుంది. నల్లతల గల్ చాలావరకు 40 సెంటీమీటర్లలోపే, బరువు దాదాపు సగం.

పిల్ల పక్షుల దగ్గర మాత్రం కన్ను మోసం చేస్తుంది. మొదటి ఏడాది గోధుమతల గల్‌కు కూడా కన్ను ముదురు రంగులోనే ఉంటుంది. రెక్క కొస పూర్తిగా నల్లగా ఉంటుంది, మిర్రర్లు ఇంకా వచ్చి ఉండవు. తోక చివర నల్లటి పట్టీ, రెక్కల పైన మట్టిరంగు ఈకలు చూస్తే అది పిల్ల అని తెలిసిపోతుంది. అదే వయసు నల్లతల గల్‌కు రెక్క కొస దగ్గర తెలుపు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తుంది. వయసు తెలిసి చూస్తే రెక్కే ఇక్కడా దారి చూపుతుంది.

తీరంలో కలిసే మిగతా గల్‌లతో ఇంత ఇబ్బంది లేదు. పల్లాస్ గల్ చాలా పెద్దది, పొడవు 60 సెంటీమీటర్లు దాటుతుంది. పసుపు ముక్కు కొస దగ్గర నలుపు, ఎరుపు రంగులుంటాయి, కాళ్లు పసుపు. ఫిబ్రవరి నాటికే దాని తల కాటుక నలుపుకు తిరుగుతుంది. నల్లతల అనే పేరు న్యాయంగా దానికి దక్కాల్సింది. హ్యూగ్లిన్ గల్ కూడా పెద్దదే, వీపు ముదురు బూడిద రంగు, పసుపు ముక్కు కింది దవడ మీద ఎర్రచుక్క. సన్నముక్కు గల్ మన తూర్పు తీరంలో తక్కువ. దానికీ కన్ను లేత రంగే కానీ రెక్క నల్లతల గల్ రెక్కను పోలి ఉంటుంది, నుదురు ఏటవాలుగా సాగి ముక్కు పొడవుగా కనిపిస్తుంది.

గోధుమతల గల్‌ను శాస్త్ర లోకానికి పరిచయం చేసింది థామస్ జెర్డన్. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో వైద్యుడిగా మద్రాసుకు వచ్చిన ఆయన, 1840లో మద్రాసు నుంచి వెలువడే శాస్త్ర పత్రికలో దీని వర్ణన ప్రచురించాడు. తర్వాత కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. తెలుగువాళ్లకు జెర్డన్ పేరు వేరే పక్షి వల్ల తెలుసు. చాలాకాలం అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దాని ఇంగ్లీషు పేరులో ఉన్నది ఈయనే.

జెర్డన్ చూసింది చలికాలపు విడిదిలో ఉన్న పక్షిని. పుట్టిల్లు ఇక్కడికి చాలా దూరం. సీగల్ అనే పేరు విని ఇది సముద్రపు పక్షి అనుకోవడం సహజం. కానీ గోధుమతల గల్ గూడు కట్టేది సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, మధ్య ఆసియా ఎత్తైన పీఠభూముల మీది సరస్సుల్లో. తజికిస్తాన్‌లోని పామీర్ కొండల నుంచి టిబెట్ పీఠభూమి మీదుగా చైనాలోని చింగ్‌హై వరకు దాని సంతాన క్షేత్రం విస్తరించి ఉంది. భారతదేశంలో అది గుడ్లు పెట్టే చోటు లదాఖ్. పాంగోంగ్ సరస్సు సముద్ర మట్టానికి 4,200 మీటర్లకు పైన, సో మొరీరి 4,500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రతీరంలో ఉండేదానిలో అరవై శాతం కూడా ఉండదు. లదాఖ్ యాత్రకు వెళ్లే తెలుగువాళ్లు జూన్ నెలలో పాంగోంగ్ ఒడ్డున గోధుమరంగు తలతో ఫొటోలకు పోజిచ్చే పక్షిని చూసి కొత్త జాతి అనుకుంటారు. భీమిలి ఒడ్డున జనవరిలో చూసిన తెల్లతల పక్షి జాతే అది.

అంత దూరం నుంచి ఇక్కడికి రావడానికి కారణం చలి కంటే మంచు. చలికాలంలో ఆ సరస్సులు గడ్డకట్టిపోతాయి. నీటి మీద తేలుతూ తిండి ఏరుకునే పక్షికి నీరే మూతపడితే అక్కడ పనేముంది? సెప్టెంబరు నుంచి గుంపులు హిమాలయాలు దాటి దక్షిణానికి దిగుతాయి. పాకిస్తాన్ నుంచి భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్, మయన్మార్, థాయిలాండ్ వరకు తీరాల వెంట చలికాలం గడుపుతాయి. బ్యాంకాక్ దగ్గర బాంగ్ పూ అనే చోట వీటిని చూడటానికీ, మేపడానికీ జనం పోటెత్తుతారు. అక్కడ కొన్ని పక్షులకు ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు కట్టి వదిలితే అవి టిబెట్ పీఠభూమి వైపు సరస్సులకు చేరినట్టు 2012లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

తెలుగు నేల మీద దీన్ని చూడటానికి పులికాట్ సరస్సు, కృష్ణా గోదావరి ముఖద్వారాలు, కోరింగ మడ అడవుల అంచులు, చేపల రేవులు మంచి చోట్లు. అవక్షేపం మేట వేసే చోట, ఆటుపోట్లకు బురద తేలే చోట వీటికి తిండికి లోటుండదు. నడిసముద్రంలోకి ఇవి పెద్దగా వెళ్లవు. పడవల వెంట కొంత దూరం వెళ్లి ఒడ్డుకు తిరిగొస్తాయి. లోపలి ప్రాంతాల పెద్ద జలాశయాల మీద, నదుల మీద కూడా అప్పుడప్పుడు కనిపిస్తాయి. చలికాలంలో కాశీకి వెళ్లిన యాత్రికులు గంగ మీద పడవల చుట్టూ అరుచుకుంటూ ముసిరే గల్‌లను చూసే ఉంటారు. ఆ గుంపుల్లో నల్లతలవి ఎక్కువ, గోధుమతలవీ ఉంటాయి. పడవవాళ్లు అమ్మే కారప్పూస కొని వాటికి విసరడం అక్కడ వేడుకైపోయింది. నూనెలో వేగిన పిండి వాటి ఒంటికి మేలు చేసే తిండి కాదన్నది మాత్రం ఆ వేడుకలో ఎవరికీ పట్టదు.

తిండి విషయంలో గోధుమతల గల్‌కు పట్టింపులు లేవు. చేపలు, రొయ్యలు, పురుగులు, ఎలుకపిల్లలు, చచ్చినవి, పారేసినవి అన్నీ తింటుంది. రేవులో పొద్దున్నే వలలు దులిపేటప్పుడు చూస్తే దాని స్వభావం పూర్తిగా తెలుస్తుంది. ఏరిపారేసిన చిన్న చేప నీటిలో పడేలోపే ఒకటి గాలిలో అందుకుంటుంది, అది మింగేలోపు నాలుగు వెంటపడతాయి. టెర్న్ పక్షి కష్టపడి దూకి పట్టిన చేపను, దాన్ని తరిమి తరిమి వదిలేలా చేసి, నోటి దగ్గర కూడు లాక్కోవడం దీనికి మామూలు. దొంగతనమని తిట్టుకోవచ్చు. కానీ రేవుల్లో కుళ్లబోయే చేపల చెత్తలో కొంత భాగాన్ని రోజూ ఉచితంగా ఎత్తేస్తున్నదీ ఈ దొంగలే.

సముద్రపు నీళ్లు తాగి బతకడం మనుషులకు సాధ్యం కాదు. గల్‌కు కళ్ల పైన, పుర్రె మీది గుంటల్లో ఉప్పు గ్రంథులు ఉంటాయి. రక్తంలో ఎక్కువైన ఉప్పును ఇవి చిక్కని ద్రవంగా చేసి ముక్కు రంధ్రాల గుండా బయటికి పంపుతాయి. ఒడ్డున కూర్చున్న గల్ ముక్కు కొసన నీటి బొట్టు వేలాడుతుండటం, అది తల విదిలించి దాన్ని రాల్చడం ఓపిగ్గా చూస్తే కనిపిస్తుంది. ఈ ఏర్పాటు సముద్రానికే పనికొస్తుందనుకోకూడదు. టిబెట్, లదాఖ్ సరస్సుల్లో చాలావాటికి నీరు బయటికి పోయే దారి లేదు. ఏళ్ల తరబడి ఆవిరైపోతూ ఉప్పు మిగిలిన సరస్సులవి. చింగ్‌హై ఉప్పు సరస్సు, లదాఖ్‌లోని సో కర్ కూడా అంతే. సో మొరీరి నీరు ఉప్పదనం కలిసినదే. పుట్టిన చోటా, విడిది చోటా ఉప్పునీళ్లే కాబట్టి ఆ గ్రంథులకు ఏడాదంతా పని ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో మంచు కరుగుతుంటే పక్షులు సరస్సులకు చేరతాయి. నక్కల నుంచి, తోడేళ్ల నుంచి రక్షణ కోసం దీవుల మీద, బురద నేలల మీద గుంపుగా గూళ్లు పెడతాయి. గూడు అంటే గడ్డి, నాచు కలిపి పరిచిన పడక. చాలాసార్లు పక్కనే పట్టెతల బాతుల గూళ్లూ ఉంటాయి. మామూలుగా రెండు మూడు గుడ్లు, పచ్చటి లేదా మట్టిరంగు మీద ముదురు మచ్చలతో. తల్లీ తండ్రీ వంతులవారీగా మూడు వారాలకు పైగా పొదుగుతాయి. ఆగస్టు నాటికి పిల్లలు రెక్కలు సరిచూసుకుంటుంటాయి.

గూటిలో ఇవి చూపే జాగ్రత్త ఎంతటిదో నల్లతల గల్ మీద జరిగిన పరిశోధన చెబుతుంది. పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికి వచ్చాక కాసేపు ఆగి తల్లి గానీ తండ్రి గానీ ఖాళీ పెంకును ముక్కున కరుచుకుని దూరంగా పారేస్తుంది. డచ్చి శాస్త్రవేత్త నికో టిన్‌బర్గెన్ దీని అంతు తేల్చాడు. గుడ్ల పక్కన పగిలిన పెంకులు పెట్టి, మరికొన్ని గుడ్ల దగ్గర పెట్టకుండా వదిలేసి చూస్తే, పెంకులున్న గుడ్లను కాకులు ఎక్కువగా కనిపెట్టి తినేశాయి. పెంకు లోపలి తెలుపే వాటికి దారి చూపిస్తోందన్నమాట. ఇలాంటి సులువైన, తెలివైన ప్రయోగాలతో జంతువుల ప్రవర్తనను శాస్త్రంగా నిలబెట్టినందుకు టిన్‌బర్గెన్‌కు 1973లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

గుంపులుగా బతకడంలో ముప్పూ ఉంది. 2005 మేలో చింగ్‌హై సరస్సు పక్షుల దీవిలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వచ్చి ఆరు వేలకు పైగా పక్షులు చనిపోయాయి. వాటిలో పట్టెతల బాతులు ఎక్కువ, గోధుమతల గల్‌లు కూడా పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఆ తరువాతే వలస పక్షుల మీద శాస్త్రవేత్తల నిఘా పెరిగింది. పైన చెప్పిన థాయిలాండ్ అధ్యయనం కూడా ఆ భయంలోంచి పుట్టిందే. లదాఖ్‌లో మరో బెడద ఉంది. పర్యాటకుల గుడారాల చెత్త మరిగి పెరిగిన ఊరకుక్కలు నేల మీద గూడు కట్టే పక్షుల గుడ్లకూ, పిల్లలకూ యముళ్లయ్యాయి. ఇన్ని ఉన్నా ఈ జాతికి ప్రస్తుతానికి అంతరించే ప్రమాదం లేదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని ఆందోళన అక్కర్లేని జాతుల్లోనే ఉంచింది.

ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. 1987లో మొదలైన ఈ లెక్కింపులో పాల్గొనడానికి డిగ్రీలు అక్కర్లేదు, పక్షిని సరిగ్గా గుర్తుపట్టడం వస్తే చాలు. రేవులో కనిపించిన గల్‌లన్నిటినీ ఒకే ఖాతాలో వేయకుండా, ఎగిరినప్పుడు రెక్క కొసనూ, కూర్చున్నప్పుడు కంటినీ చూసి రెండు జాతులుగా విడదీసి రాస్తే ఆ లెక్కకు విలువ పెరుగుతుంది. కాలికి ఉంగరం గానీ, రంగు పట్టీ గానీ కనిపిస్తే దాని మీది అంకెలను ఫొటో తీసి, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాలి. ఆ పక్షి ఏ సరస్సు నుంచి వచ్చిందో తేలేది అలా పంపిన అంకెల వల్లే.